అల్లాయ్ సోకు సరే, నట్టు సంగతేంది?

వేరే దేశాలల్ల క్యాంపర్ వ్యాన్ అంటే లోపట మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకి ఉన్న నడిచే ఇల్లు. మా కొత్తగూడెం, భద్రాచలం దిక్కు క్యాంపర్ అంటే అది కాదు. ముంగట రెండు వరసల సీట్లు, ఎనుక చిన్న ట్రాలీ ఉన్న బొలేరో. బొగ్గు గనుల కాంట్రాక్టర్ల దగ్గర తిరిగి తిరిగి, నల్ల దుమ్ము తాగి తాగి, ఎనిమిది పదేండ్లయినంక సెకండ్ హ్యాండ్‌ల మాసొంటోళ్ల చేతికి వస్తది. ఆ తర్వాత దానికి అసలు పని మొదలైతది. మిరపకాయ బస్తాలు, యూరియా, పెండ్లి సామాను, రాత్రిపూట నొప్పులొచ్చిన ఆడమనిషి... ఏదైనా దాంట్లనే.

నాది 2009 మోడల్. దానికి రెండేండ్ల కింద అల్లాయ్ చక్రాలు ఏయించిన. ఎందుకు ఏయించినవంటే మైలేజీ అనో, ట్యూబ్‌లెస్ అనో సాకు చెప్పొచ్చు. కానీ ట్యూబ్‌లెస్ టైరు సరైన ఇనుప రిమ్ముకు గూడ ఎక్కుతది. అసలు కారణం సోకు. మా అక్క కొడుకు ఫోన్‌ల ఫొటోలు చూపెట్టి, ‘మామా, బండి లుక్కే మారిపోతది’ అన్నడు. మారిపోయింది గూడ. పద్నాలుగేండ్ల ముసలి బండి పెండ్లికొడుకు లెక్క నిలబడ్డది. నాలుగు చక్రాలు పెట్టుడు గంటన్నరల అయిపోయింది. టైర్లు మార్చిన్రు, గాలి గన్నుతోని టరటర బిగించిన్రు, పైసలు తీసుకున్నరు. నట్లు ఏవి పెట్టిన్రో నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

మూడు వారాలకు మిర్చి ఏరే టైమొచ్చింది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలను చర్ల కాడ ఎక్కించుకొని దుమ్ముగూడెం దిక్కు వస్తున్న. ట్రాలీల తొమ్మిది మంది. అందుల ఇద్దరి ఒళ్లల్ల పసిపిల్లలు. ట్రాలీల మనుషులను ఎక్కించుడు చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకుంటున్న, అది తప్పే. ఆ రోడ్డు మీద ఎడమ ఎనుక చక్రం కాడ ‘కటక్, కటక్’ అని చిన్న చప్పుడు. రాయి ఇరుక్కున్నదనుకున్న. ఇంకో కిలోమీటరు పోయేసరికి సీటు కింద వణుకు. దిగి చూస్తే ఐదు నట్లల్ల రెండు లేవు. మూడోది మర చివరన వేలాడుతున్నది. మిగిలిన రెండు చేతితోని తిరుగుతున్నయి. రిమ్ము రంధ్రాలు గుండ్రంగ ఉండాల్సినవి కోడిగుడ్డు లెక్క సాగినయి.

ఇంకో రెండు కిలోమీటర్లు పోతే ఏమయ్యేదో ఊహించుడు పెద్ద పని కాదు. నేను రోడ్డు పక్కన కూసుండి నీళ్లు తాగిన. ట్రాలీల ఉన్న ఒక తల్లి దిగి, చక్రాన్ని చూసి, నన్ను చూసి, ఏం మాట్లాడకుండ పిల్లను చంకనేసుకొని చెట్టు కిందికి పోయింది. ఆ చూపు ఇప్పటికీ నా కండ్లల్లనే ఉన్నది. అందుకనే ఇది రాస్తున్న.

తర్వాత కొత్తగూడెంల ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి పోయిన. జీపుల మీద నలభై ఏండ్లు పని చేసిన మనిషి. ఆయన చక్రం విప్పి, పాత నట్టు ఒకటి నా చేతుల పెట్టి, ‘తప్పు చక్రానిది కాదు తమ్ముడూ, ఇగో దీనిది’ అన్నడు. ఆయన దగ్గర నేర్చుకున్నది, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నది కలిపి చెప్తున్న.

ఇనుప రిమ్ము పలుచటి రేకు. బోల్టులు దూరే కాడ దాని మందం కొన్ని మిల్లీమీటర్లే. నట్టు బిగిస్తే ఆ రేకు కొంచెం స్ప్రింగు లెక్క వంగి, నట్టును ఎనకకు నెట్టుకుంట గట్టిగ పట్టుకుంటది. అల్లాయ్ అట్ల కాదు. అల్యూమినియం ఇనుము కన్న మెత్తన, అందుకని దాన్ని మందంగ పోస్తరు. మందం పెరిగిందంటే హబ్బు నుంచి బయటికొచ్చిన బోల్టు పొడుగు ఎక్కువ భాగం రిమ్ము లోపట్నే అయిపోతది. నట్టు పట్టుకోవాల్నంటే మిగిలే మర తక్కువ. నా బండికి అదే అయింది. పాత నట్లు నాలుగు చుట్లకే ‘బిగిసినయి’. మెకానిక్కులు చెప్పే లెక్క ఒకటుంది: బోల్టు ఎంత లావుంటదో కనీసం అంత పొడుగు మర నట్టు లోపటికి పోవాలె. 12 మిల్లీమీటర్ల బోల్టు, ఒక్కో చుట్టుకు 1.5 మిల్లీమీటర్ల మర అనుకుంటే ఎనిమిది చుట్లు. అర అంగుళం బోల్టుకు అంగుళానికి 20 మరలుంటే పది చుట్లు. ఇది ఎవరైనా చూసుకోవచ్చు. నట్టును చేతితోని తిప్పుకుంట లెక్కబెట్టుడే. ఎనిమిది రాకపోతే ఆ నట్టుతోని ఆ చక్రం ఎక్కియ్యొద్దు. పొడుగు బోల్టులన్న ఏయించాలె, ఆ రిమ్ముకు సరిపోయే తీరు నట్లన్న తేవాలె.

రెండోది నట్టు మూతి. నట్టు రిమ్మును తాకే చోటు ఎట్లున్నదన్నది చానమంది చూడరు. కొన్నిటికి గరాటు లెక్క ఏటవాలుగ ఉంటది, ఎక్కువ 60 డిగ్రీల ఏటవాలు. కొన్నిటికి గోలీ లెక్క గుండ్రంగ. టయోటా కంపెనీ అల్లాయ్‌లల్ల చానవాటికి చదునుగ, వాషర్‌తోని వస్తది. రిమ్ముల గుంట ఏ ఆకారంల ఉంటే నట్టు మూతి అదే ఆకారంల ఉండాలె. గరాటు గుంటల గోలీ మూతి నట్టు పెడితే అది సన్నటి గీత మీద మాత్రమే ఆనుతది. మెత్తటి అల్యూమినియం ఆ గీత కాడ నలుగుతది, నట్టు వదులైతది, చక్రం అటిటు కొట్టుకుంటది, రంధ్రం సాగుతది. పానా పెట్టి చూస్తే మొదటి రోజు మాత్రం గట్టిగనే ఉన్నట్టు అనిపిస్తది. మోసం అక్కడ్నే ఉంది.

దీన్ని కనిపెట్టుడుకు పెద్ద మిషన్లు అక్కర్లేదు. నట్టు మూతికి కొంచెం మార్కర్ సిరా రాసి, చేతితోని బిగించి, మళ్ల విప్పి చూడాలె. గుంటల సిరా చుట్టూ వెడల్పుగ అంటుకుంటే కూసున్నట్టు. సన్న గీత లెక్క అంటుకుంటే కూసోనట్టు.

బిగించుడు గురించి గూడ ఒక మాట. మనకు బిగించుడంటే పానా కొస మీద ఎక్కి నిలబడుడు. అర మీటరు పానా కొస మీద 70 కిలోల మనిషి నిలబడ్డడంటే బోల్టు మీద 340 న్యూటన్ మీటర్ల పైన బలం పడ్డట్టు. 12 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగ చెప్పేది 100 నుంచి 120 దాక. మీ బండి పుస్తకంల ఎంత రాసి ఉంటే అంత. అంటే మనం మూడింతలు బిగిస్తున్నం. బోల్టు గూడ కొంచెం సాగే వస్తువే, ఆ సాగుడుతోనే అది చక్రాన్ని పట్టుకుంటది. మితిమీరి సాగితే మళ్ల ఎనకకు రాదు. బయటికి గట్టిగ కనబడ్డా లోపట పట్టు సచ్చిపోయి ఉంటది. గాలి గన్నుతోని గూడ ఇదే బాధ. గన్నును దగ్గరికి తెచ్చుడు వరకే వాడి, ఆఖరి బిగింపు టార్క్ రెంచితోని చేయాలె. షాపోళ్ల దగ్గర అది లేకపోతే ఇంకో షాపు చూసుకోండి, మొహమాటం అక్కర్లేదు. ఒకదాని పక్కన ఒకటి వరసగ కాకుండ, ఎదురెదురుగ, చుక్క ఆకారంల బిగించాలె. చక్రం నేలకు ఆనకుండ జాకీ మీద ఉన్నప్పుడే అన్నిటినీ దగ్గరికి తెచ్చి, కిందికి దించినంక ఆఖరి బిగింపు. మరకు గ్రీజు, ఆయిల్ రాయొద్దు. రాస్తే నట్టు జారుకుంట లోపటికి పోతది, రెంచి చెప్పే లెక్క తప్పైతది.

ఇంకో సంగతి. అల్లాయ్ ఎక్కించినంక 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచినంక మళ్ల ఒక్కసారి రెంచి పెట్టాలె. కొత్త రిమ్ము, కొత్త నట్టు ఒకదాంట్ల ఒకటి సర్దుకుంటయి, ఆ సర్దుబాటుల బిగింపు తగ్గుతది. ఖమ్మంల చక్రాలు ఏయించుకుంటే పాల్వంచ వచ్చేసరికి ఈ లెక్క నిండుతది. నాకు ఈ మాట ఎవ్వరూ చెప్పలేదు. ఎవరన్న చెప్పి ఉంటే చర్ల రోడ్డు కథే లేకపోవు.

ఎడమ చక్రమే ఎందుకు ఊడబోయిందని గూడ పెద్దాయనను అడిగిన. ఆయన నవ్విండు. పాత విల్లీస్ జీపులకు ఎడమ పక్క చక్రాలకు ఎడమ మర బోల్టులు ఉండేవంట, ఎడమ చక్రం తిరిగే దిక్కుకు కుడి మర నట్టు వదులయ్యే గుణం ఉంటదని. ఇప్పటి బండ్లల్ల రెండు పక్కల కుడి మరే. సరిగ్గ బిగిసి, సరిగ్గ కూసుంటే ఏ మరైనా ఊడదు. కూసోకపోతే ముందుగ ఎడమ దిక్కే బయటపడుతదని ఆయన అనుభవం.

ఇప్పుడు చక్రం సంగతికి వద్దాం. కొనేటప్పుడు అందరు అడిగేది ‘ఎన్ని ఇంచులు, ఎన్ని రంధ్రాలు’. ఐదు రంధ్రాలుంటే ఐదు బోల్టులకు పడ్తదనుకుంటరు. బోల్టుల నడిమి నుంచి గీసిన గుండ్రానికి అడ్డం కొలత ఎంతన్నది అసలు లెక్క. దాన్నే పీసీడీ అంటరు. మా బొలేరోది పాత జీపుల కాలం నుంచి వస్తున్న 139.7 మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర అంగుళాలు. పాత ఇన్నోవాది గూడ ఐదు రంధ్రాలే, కానీ 114.3. ఇంత తేడా ఉంటే ఎక్కనే ఎక్కదు కాబట్టి ప్రమాదం లేదు. ప్రమాదం దగ్గర దగ్గర కొలతలతోని. 98 ఉన్న హబ్బుకు 100 రిమ్మును బలవంతంగ బిగించొచ్చు. ఎక్కుతది, నడుస్తది, బోల్టులు వంకరగ బిగిసి ఉంటయి. ‘రంధ్రం కొంచెం తొలిస్తే సరిపోతది అన్నా’ అన్న షాపులో నుంచి ఆ మాట అయిపోకముందే లేచి రావాలె.

రిమ్ము నడిమి పెద్ద రంధ్రం గూడ చూడాలె. కంపెనీ చక్రం హబ్బు మీద ఉన్న గుండ్రటి అంచుకు టక్కున కూసుంటది. బయట అమ్మే అల్లాయ్‌లను చాన రకాల బండ్లకు పనికిరావాలని ఆ రంధ్రం పెద్దగ పోస్తరు. మధ్యల ఖాళీ ఉంటే చక్రం నడిమికి సరిగ్గ రాదు, 60, 70 స్పీడు మీద స్టీరింగు వణుకుతది. ఆ ఖాళీ నింపే రింగులు దొరుకుతయి, కొలిచి తీసుకోవాలె. మన బండి పాతది కాబట్టి హబ్బు ముఖం మీద తుప్పు, పాత రంగు పొరలు, బొగ్గు మట్టి పేరుకొని ఉంటయి. వైర్ బ్రష్ పెట్టి ఇనుము మెరిసేదాక గీకినంకనే రిమ్ము ఆనించాలె. మధ్యల రంగు పొర ఉన్నా సరే, అది నలిగి పలుచనయినంక నట్టు వదులైతది. అట్లనే చక్రం విప్పినప్పుడే బేరింగు ఆట, బోల్టుల మర చూసుకోవాలె. మర తిన్న బోల్టు మీద కొత్త అల్లాయ్ పెట్టుడంటే కుళ్లిన దూలం మీద స్లాబు పోసినట్టే.

చక్రం బయటికి పొడుసుకొని వస్తే అందం అనుకునేటోళ్లు చానమంది. రిమ్ము ఎనుక ‘ఈటీ’ అని ఒక అంకె ఉంటది. ఈటీ 25 ఉన్న చోట అదే వెడల్పుతోని ఈటీ 0 రిమ్ము పెడితే చక్రం 25 మిల్లీమీటర్లు బయటికి వస్తది. దూరం చిన్నదే కానీ బేరింగు మీద అది పొడుగు పానా కొస మీద బరువేసినట్టు పని చేస్తది. పాత బేరింగులు ముందు అరుస్తయి, తర్వాత పోతయి. బురద బండి అద్దాల దాక ఎగురుతది. మరీ లోపటికి పోతే ఎనుక కమాన్ పట్టీలకు టైరు రాసుకుంటది. స్పేసర్లు పెట్టి సర్దుడు నా మాట వినేటోళ్లెవరూ చేయొద్దు. ఖాళీ బండితోని చూసి ‘తగుల్తలేదు’ అనొద్దు. ట్రాలీల బరువేసి, స్టీరింగు ఇటు నుంచి అటు పూర్తిగ తిప్పి చూడాలె.

అన్నిటికన్న పెద్ద సంగతి బరువు. అల్లాయ్ రిమ్ము ఎనుక అది మోసే బరువు అచ్చు పోసి ఉండాలె. లేకపోతే కొనొద్దు. ఒక బండి లోడుతోని కలిపి 2,700 కిలోలు అనుకుందాం. ట్రాలీ నిండితే ఎనుక ఇరుసు మీద దగ్గర దగ్గర 1,700 కిలోలు పడొచ్చు. ఒక్కో ఎనుక చక్రం మీద 850. కార్ల కోసం పోసిన రిమ్ము మీద 690 అని ఉంటే? నిలబడ్డప్పుడే సాలదు, ఇగ గుంతల పడ్డప్పుడు ఆ బరువు ఎన్నింతలైతదో మీరే ఆలోచించుకోండి. టైరు మీద గూడ ఇట్లనే అంకె ఉంటది: 95 అంటే 690 కిలోలు, 100 అంటే 800, 102 అంటే 850, 105 అంటే 925. రిమ్ముది, టైరుది రెండూ చూడాలె. రెండింట్ల ఏది తక్కువో అదే మీ చక్రం సత్తువ. మీ బండి మొత్తం బరువెంతో ఆర్సీ మీద ఉంటది, నేను చెప్పిన లెక్క కాకుండ దాన్ని పట్టుకొని చూసుకోండి.

అల్లాయ్‌లకు మన దేశంల ఐఎస్ 16192 అనే ప్రమాణం ఉంది. ఐఎస్ఐ గుర్తు, ఆ నంబరు చూసి తీసుకోవాలె. జపాన్ రిమ్ముల మీద జేడబ్ల్యూఎల్ అని ఉంటది, లోడు బండ్లవాటికి జేడబ్ల్యూఎల్-టీ. ఏ గుర్తూ లేని రిమ్ము ఎంత మెరిసినా నాకు అది గోడకు తగిలించే బొమ్మే.

మన రోడ్ల మాట గూడ చెప్పుకోవాలె. కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, చింతూరు, కుంట మీదుగ పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఫర్వాలేదు. దాన్ని దిగి మణుగూరు దిక్కు బొగ్గు లారీల రోడ్డో, చర్ల అవతల గూడేల దారో పట్టినమంటే గుంతల నడుమ రోడ్డును వెతుక్కోవాలె. ఇనుప రిమ్ము గుంతల పడితే వంగుతది. పంక్చర్ షాపుల సుత్తితోని కొట్టి సాపు చేసి పంపుతరు, భద్రాచలం దాక గడుస్తది. పోత అల్లాయ్ వంగుడు తక్కువ, పగులుడు ఎక్కువ. సన్న పగులు ముందు గాలి రూపంల పోతది. రోజూ ఒకే టైరుల గాలి తగ్గుతుంటే పంక్చర్ ఒక్కటే వెతకకుండ, చక్రం విప్పి లోపటి అంచు తుడిచి చూడాలె. పగిలినదానికి వెల్డింగు చేయిస్తమంటరు. బియ్యం డబ్బాకైతే చేయించుకోండి, మనుషులెక్కే బండికి వద్దు. పైసలిచ్చి 17 ఇంచుల రిమ్ము, పలుచటి టైరు తీసుకునుడు గూడ మన దారులకు ఎదురుపోవుడే. టైరు గోడ ఎంత ఎత్తుంటే గుంత దెబ్బను అది అంత మింగుతది.

సైజు మారితే స్పీడు లెక్క గూడ మారుతది. 215/75 ఆర్15 టైరు ఎత్తు 703 మిల్లీమీటర్ల పైచిలుకు. దాని చోట్ల 235/65 ఆర్17 పెడితే 737. మీటరు 60 చూపెడుతుంటే బండి 63 దగ్గర పోతుంటది. బ్రేకుకు గూడ అంత ఎక్కువ పని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగ బండిని మార్చొద్దంటది, 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ ఆ మాటనే గట్టిగ చెప్పింది. ఆ యేడు సవరించిన చట్టం ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాక జైలు గూడ ఉండొచ్చు. కంపెనీ ఆ మోడల్‌కు ఒప్పుకున్న కొలతలల్లనే ఉంటే ఈ తలనొప్పి లేదు. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ మొదలు చూసేది ఇసొంటివే.

స్టెప్నీ మర్చిపోతరు. నాలుగు అల్లాయ్‌లు ఏసి, ఐదోది పాత ఇనుప రిమ్మే ఉంచుతరు. అల్లాయ్ నట్లు ఇనుప రిమ్ముకు సరిగ్గ పడకపోవచ్చు. అడవి రోడ్డు మీద రాత్రి చక్రం మార్చాల్సి వస్తే ఏ నట్టు పెడ్తరు? పాత నట్లు ఐదు ఒక సంచిల కట్టి సీటు కింద పెట్టుకోవాలె. స్టెప్నీ టైరు ఎత్తు గూడ మిగతా వాటంత ఉండాలె.

ఇంత చదివినంక ‘మరి ఏయించుకోవాల్నా, వద్దా’ అని అడుగుతరు. నా మాట సూటిగ: ట్రాలీల బస్తాలు, మనుషులు, ఇటుక మోసే బండికి ఇనుప రిమ్మే మంచిది. చూపుకు అందం తక్కువ, కానీ వంగినా ఇల్లు చేరుస్తది. కుటుంబం తిరిగే బండికి, బరువు అచ్చు పోసిన, కంపెనీ సైజు అల్లాయ్, సరైన నట్టుతోని ఏయించుకుంటే ఏ బాధా లేదు.

నేను ఆ మొదటి సెట్టును పాత సామాన్లోనికి అల్యూమినియం తూకానికి అమ్మిన. వేరేటోళ్లకు చక్రాల లెక్క అమ్ముమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చిన్రు, మనసొప్పలేదు. బోల్టులన్నీ కొత్తయి ఏయించి ఇనుప రిమ్ములు పెట్టిన. నల్ల రంగు కొట్టిన, అంతే సోకు. కూలీలకు ఇప్పుడు సీట్లున్న బండి కిరాయికి మాట్లాడుతున్న. కూలి లెక్కల కొంచెం నష్టం, అది నాదే.

మా అక్క కొడుకు తన సొంత బండికి మాత్రం అల్లాయ్‌లే కావాలన్నడు. సరే అని ఇద్దరం ఖమ్మం పోయినం. వాడే నట్టు చేతితోని తిప్పుకుంట ‘ఒకటి, రెండు, మూడు’ అని పైకి లెక్కబెడుతుంటే షాపు పిల్లలు నవ్విన్రు. ఎనిమిది దాటి తొమ్మిది వచ్చినంకనే పైసలు తీసిండు. ప్రతి నట్టు మీద నుంచి రిమ్ము మీదికి తెల్ల రంగుతోని ఒక గీత గీసుకున్నడు, గీత విరిగితే నట్టు కదిలినట్టు. పాల్వంచ దగ్గర చాయ్ తాగుదామని నేనంటే, ‘నువ్వు తాగుతుండు మామా’ అనుకుంట రెంచి పట్టుకొని చక్రం దగ్గర కూసున్నడు.